ఐదో తీగ: చిన్న గదిలో బేస్ గిటార్ సమంగా ఎందుకు వినబడదు?

ఉప్పల్‌లోనో నాచారంలోనో షట్టర్ ఉన్న ఒక మల్గీ అద్దెకు తీసుకుని పాటలు సాధన చేసేవాళ్ళను అడిగి చూడండి. చర్చి క్వయర్‌కు వాయించేవాళ్ళు కావచ్చు, కాలేజీ ఫెస్ట్‌కు తయారవుతున్నవాళ్ళు కావచ్చు, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రావాళ్ళు కావచ్చు. బేస్ గిటార్ మీద అందరి ఫిర్యాదూ దాదాపు ఒకటే. "ఒక నోటు కొడితే గదంతా దద్దరిల్లుతుంది. దాని పక్క నోటు కొడితే ఉందో లేదో తెలియదు. వేలు అదే, ఆంప్ అదే, వాల్యూమ్ నాబ్ ముట్టుకోలేదు. మరి ఎందుకిలా?"

దీనికి సాధారణంగా మూడు జవాబులు దొరుకుతాయి. వాయించేవాడికి చెయ్యి కుదరలేదు. గిటార్ నాసిరకం. ఆంప్ చిన్నది. మూడింటిలో ఏదైనా నిజం కావచ్చు. కానీ పదడుగుల గదిలో చాలాసార్లు అసలు కారణం నాలుగోది, ఆ గదే. ప్రతి గదికీ తనవంటూ కొన్ని నోట్లు ఉంటాయి. నాలుగు తీగల గిటార్ పక్కన అది ఐదో తీగలా మోగుతుంది. దాన్ని ఎవరూ శ్రుతి చేసి ఉండరు.

ఇళయరాజా సంగీతం కూర్చిన ‘గీతాంజలి’ (1989) పాటలు సాధన చేసే బృందానికి ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది. ఆయన పాటల్లో బేస్ ఊరికే తాళం పట్టుకుని కూర్చోదు, తనూ ఒక వరస పాడుతుంది. ఆ వరసలో రెండు నోట్లు ఉరిమి, మూడు నోట్లు మాయమైతే అది వరస అనిపించుకోదు. అందుకని కొత్త గిటార్ కొనేముందు, గోడలకు గుడ్ల ట్రేలు అంటించేముందు, దోషం ఎవరిదో తేల్చుకోవాలి.

ఇరవై ఎనిమిది అడుగుల అల

ధ్వని అంటే గాలి నొక్కుకోవడం, మళ్ళీ వదులు కావడం. తీగ సెకనుకు ఎన్నిసార్లు ఊగితే గాలి అన్నిసార్లు నొక్కుకుంటుంది. ఆ లెక్కకు కొలత హెర్ట్జ్. నాలుగు తీగల బేస్‌ను మామూలుగా శ్రుతి చేస్తే లావుపాటి ‘ఈ’ తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. ‘ఏ’ తీగ 55 సార్లు, ‘డీ’ తీగ 73 సార్లు, ‘జీ’ తీగ 98 సార్లు.

ఇక గాలిలో ధ్వని వేగం చూద్దాం. హైదరాబాద్‌లో 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు అది సెకనుకు సుమారు 1145 అడుగులు వెళ్తుంది. తీగ ఒక ఊపు పూర్తి చేసే లోపల ధ్వని వెళ్ళే దూరాన్ని అల పొడవు అనుకుందాం. ‘ఈ’ తీగకు అది దాదాపు 28 అడుగులు. ‘ఏ’కి 21 అడుగులు, ‘డీ’కి పదిహేనున్నర, ‘జీ’కి పన్నెండుకు కాస్త తక్కువ.

పోల్చడానికి గాయకుడి గొంతు తీసుకోండి. మాటలకు స్పష్టత ఇచ్చే 2000 హెర్ట్జ్ ధ్వని అల పొడవు ఏడు అంగుళాలు. అలాంటి అల పదడుగుల గదిలో ఎటు పడితే అటు తిరిగి, వంద చోట్ల తగిలి, గదంతా పరుచుకుంటుంది. బేస్ అలకు ఆ వీలు లేదు. అది గది కంటే పెద్దది. పూర్తిగా విప్పుకునే లోపే ఎదుటి గోడకు తగిలి వెనక్కి వస్తుంది. వచ్చేసరికి తీగ పంపిన తర్వాతి నొక్కు ఎదురొస్తుంది. రెండు నొక్కులూ కలిసిన చోట శబ్దం పొంగుతుంది. నొక్కూ వదులూ కలిసిన చోట శబ్దం చచ్చిపోతుంది. మొత్తం గొడవకు మూలం ఇదే.

టబ్బులో నీళ్ళు

బట్టలు నానబెట్టే పొడవాటి ప్లాస్టిక్ టబ్బులో సగం దాకా నీళ్ళు పోసి, ఒక చివర పట్టుకుని మెల్లగా ముందుకూ వెనక్కూ కదపండి. గబగబా కదిపితే పైన అలలు రేగుతాయి తప్ప నీళ్ళు పెద్దగా లేవవు. మరీ నెమ్మదిగా కదిపినా లేవవు. మధ్యలో ఒకానొక వేగం దగ్గర మాత్రం చిత్రం జరుగుతుంది. చేతి కదలిక చిన్నదే అయినా నీళ్ళు ఒక చివర ఎగసి, రెండో చివర దిగి, మళ్ళీ అటుది ఇటు అవుతాయి. చెయ్యి తీసేసినా కాసేపు ఆగవు.

ఇంకొంచెం పరిశీలనగా చూడండి. రెండు చివర్ల దగ్గర మట్టం బాగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కానీ అక్కడ నీరు పక్కకు కదలదు. టబ్బు నడిమధ్యలో మట్టం దాదాపు మారదు, కానీ అక్కడే నీరు అటూ ఇటూ జోరుగా పరుగెడుతుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంటే చాలు, గది గుట్టు సగం తెలిసినట్టే.

గదిలో నీటి మట్టం స్థానంలో గాలి ఒత్తిడి ఉంటుంది. గోడ నుంచి గోడకు సరిగ్గా సగం అల పట్టే నోటు వచ్చినప్పుడు గాలి ఇలాగే ఊగిసలాడుతుంది. గోడల దగ్గర ఒత్తిడి పొంగుతుంది, నడిమధ్యలో ఏమీ ఉండదు. దీన్ని నిలిచిన అల అందాం. సౌండ్ ఇంజినీర్లు రూమ్ మోడ్ అంటారు.

ఒక మామూలు మల్గీ తీసుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, స్లాబు ఎత్తు 10. ఇటుక గోడలు, కింద టైల్స్. పొడవు వైపు ఈ గది సొంత నోటు దాదాపు 48 హెర్ట్జ్, అంటే బేస్ మీద ‘ఎఫ్ షార్ప్’కూ ‘జీ’కీ నడుమ. వెడల్పు వైపు 57 హెర్ట్జ్, అంటే ‘ఏ’కూ ‘ఏ షార్ప్’కూ నడుమ. ఎత్తు వైపు? అదీ పదడుగులే కాబట్టి మళ్ళీ అదే 57. రెండు ఊగిసలాటలు ఒకే నోటు దగ్గర కలిశాయి. అందుకే ఈ గదిలో ‘ఏ’, ‘ఏ షార్ప్’ కొడితే షట్టర్ గలగలలాడుతుంది. షట్టర్ మీద అరచెయ్యి ఆనిస్తే ఆ వణుకు చేతికి తెలుస్తుంది.

పొడవు, వెడల్పు రెండూ కలిసి పుట్టించే ఊగిసలాట ఒకటి 74 దగ్గర ఉంది, కాబట్టి ‘డీ’ కూడా కొంత లేస్తుంది. 57కూ 74కూ మధ్య మాత్రం గదికి సొంత నోటు లేదు. అక్కడే 65 హెర్ట్జ్ దగ్గర ‘సీ’ ఉంది. దానికి గది సాయం అందదు. ‘ఏ షార్ప్’ నుంచి గిటార్ మెడ మీద రెండు ఫ్రెట్లు (మెట్లు) పైకి జరిగితే చాలు, ఉరుము కాస్తా గుసగుస అవుతుంది. ఇక 48 కంటే కింద ఉన్న ‘ఈ’, ‘ఎఫ్’ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటి ఊపుకు ఈ గది చాలదు.

ఎండాకాలం ఈ లెక్క కొంచెం జరుగుతుంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల జనవరి ఉదయం ఈ గది వెడల్పు నోటు 56 హెర్ట్జ్ దగ్గర ఉంటే, 40 డిగ్రీల మే మధ్యాహ్నం 58 దాటుతుంది. అది దాదాపు అచ్చంగా ‘ఏ షార్ప్’. అర ఫ్రెట్ కంటే కాస్త ఎక్కువ తేడా. కరెంటు పోయి ఏసీ ఆగిన రోజున గది తన శ్రుతి తనే మార్చుకుంటుందన్నమాట.

పెద్ద హాల్లో ఈ బాధ ఎందుకు ఉండదు? నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ సినీ స్టూడియోస్ ఉంది. అలాంటి చోట వంద అడుగుల షూటింగ్ ఫ్లోర్ ఒకటి ఊహించుకోండి. దాని మొదటి నోటు ఆరు హెర్ట్జ్ లోపే ఉంటుంది, చెవికి అందదు. బేస్ మొదలయ్యే 41 దగ్గరికి వచ్చేసరికి ఇలాంటి ఊగిసలాటలు డజన్ల కొద్దీ పక్కపక్కనే కిక్కిరిసి ఉంటాయి. ప్రతి నోటుకూ ఏదో ఒకటి చెయ్యి అందిస్తుంది, కాబట్టి అన్నీ సమంగా వినబడతాయి. ఉప్పల్ స్టేడియం నడుమ ఆంప్ పెట్టి వాయిస్తే అసలు గోడలే లేవు. శబ్దం పలచబడుతుంది, కానీ ఏ ఒక్క నోటూ ఉరమదు.

భూమి విషయంలోనూ ఇదే భౌతికశాస్త్రం. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, ఉంది. భూకంప తరంగాలను చదవడం అక్కడివాళ్ళ పనుల్లో ఒకటి. ఉదాహరణకు, 1985 సెప్టెంబర్ 19న పసిఫిక్ తీరంలో వచ్చిన భూకంపం మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మెక్సికో నగరాన్ని కూల్చింది. నగరంలో గట్టి రాతి మీద ఉన్న పేటలు దాదాపు బయటపడ్డాయి. పాత చెరువు అడుగున మెత్తటి మట్టి మీద కట్టిన పేటలు నేలమట్టమయ్యాయి. ఆ మట్టి పొర సొంత ఊపు సుమారు రెండు సెకన్లకు ఒకటి. భూకంపం తెచ్చిన ఊపు దానితో కలిసింది. వచ్చిన తరంగం ఒకటే, ఏ నేల మీద నిలబడ్డారన్నదే తేడా.

మీరు ఎక్కడ నిలబడ్డారు?

సాధన గదుల్లో తగవులు ఇక్కడే పుడతాయి. గోడకు ఆనుకుని కూర్చున్న డ్రమ్మర్ "బేస్ తగ్గించు, చెవులు పోతున్నాయి" అంటాడు. గది మధ్యలో నిలబడ్డ బేసిస్టు "నాకే వినబడట్లేదు, ఏం తగ్గించమంటావ్?" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డ్రమ్మర్ చెవి టబ్బు చివర ఉంది, బేసిస్టు చెవి టబ్బు మధ్యలో ఉంది.

ఎత్తు సంగతి ఇంకా విచిత్రం. స్లాబు పదడుగుల ఎత్తున ఉంటే దాని నడిమధ్య అయిదు అడుగులు. నిలబడ్డ మనిషి చెవి కూడా కాస్త అటూ ఇటూగా అక్కడే ఉంటుంది. అంటే గది మధ్యలో నిలబడినవాడు పొడవుకూ, వెడల్పుకూ, ఎత్తుకూ మూడు వైపులా నిశ్శబ్ద స్థానంలోనే ఉన్నాడు. అదే మనిషి స్టూలు మీద కూర్చున్నా, రెండడుగులు గోడ వైపు జరిగినా పోయిన నోటు తిరిగి వస్తుంది.

ఆంప్ ఎక్కడ పెట్టామన్నదీ అంతే ముఖ్యం. మూలలో నేల మీద పెట్టిన ఆంప్ మూడు వైపుల ఊగిసలాటలనూ వాటి చివర పట్టుకుని కదుపుతుంది. అన్నీ ఒక్కసారే రెచ్చిపోతాయి. గోడ నుంచి ముందుకు తెచ్చి పెడితే ఇంకో చిక్కు. స్పీకర్‌కు వెనక గోడ మూడు అడుగుల దూరంలో ఉందనుకోండి. గోడకు తగిలి వచ్చిన అల 95 హెర్ట్జ్ దగ్గర సూటిగా వెళ్ళే అలకు ఎదురుతిరిగి దాన్ని కొట్టేస్తుంది. తెరిచి కొట్టిన ‘జీ’ తీగ దాదాపు అక్కడే ఉంది. నాలుగు అడుగులైతే దెబ్బ ‘డీ’ తీగకు తగులుతుంది. కాబట్టి ఆంప్‌ను గోడకు బాగా దగ్గరగా పెట్టండి, మూలకు మాత్రం కాదు.

పైసా ఖర్చు లేని చికిత్స ఇంకొకటి ఉంది. ఆంప్‌ను గట్టి బల్ల ఎక్కించి స్పీకర్ నడిబొడ్డు నాలుగు అడుగుల ఎత్తుకు వచ్చేలా పెడితే, నేలకూ స్లాబుకూ మధ్య ఊగిసలాట నేల మీద ఉన్నప్పటి కంటే దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. టబ్బును చివర కాకుండా మధ్యలో కదిపితే నీళ్ళు లేవవు కదా. పైగా స్పీకర్ మోకాళ్ళకు కాకుండా చెవికి వినిపిస్తుంది.

గిటార్‌దా, గదిదా?

ఇప్పుడు విచారణ. బేస్ గిటార్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఒకే నోటు రెండు చోట్ల దొరుకుతుంది. ‘ఏ’ తీగను ఊరికే మీటితే 55 హెర్ట్జ్. ‘ఈ’ తీగను అయిదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటినా అదే 55. తీగ వేరు, లావు వేరు, వేలు పడే చోటు వేరు, గదికి అందే నోటు మాత్రం ఒకటే.

రెండూ ఒకే బలంతో మీటండి. రెండూ ఉరిమితే, లేదా రెండూ మాయమైతే, గిటార్ నిర్దోషి. ఒకటి మోగి రెండోది మూలిగితే ఆ తీగ దగ్గర ఏదో ఉంది. మాయమైన ‘సీ’కీ ఇదే పరీక్ష. ‘ఏ’ తీగ మీద మూడో ఫ్రెట్, ‘ఈ’ తీగ మీద ఎనిమిదో ఫ్రెట్.

గది మీద అనుమానం బలపడితే రెండో పరీక్ష. ఉరిమే నోటునే ఎవరినైనా ఆపకుండా మీటుతూ ఉండమని, మీరు గోడ నుంచి గది మధ్యకు, అక్కడి నుంచి మూలకు నడవండి. అడుగడుగుకూ శబ్దం మారుతుంటే అది గది పనే. మల్గీ అయితే మూడో పరీక్ష ఇంకా తేలిక. షట్టర్ పూర్తిగా పైకి ఎత్తి అదే నోటు కొట్టండి. ఒక వైపు గోడే లేకుండా పోయినట్టు కాబట్టి ఆ ఉరుము తగ్గాలి, లేదా ఇంకో నోటుకు మారాలి. పట్టపగలు, ఒకట్రెండు నిమిషాలు చాలు. చివరిగా ఆంప్‌ను డాబా మీదకు తీసుకెళ్ళి తక్కువ శబ్దంతో వాయించండి. అక్కడ కూడా ‘సీ’ వినబడకపోతే గదిని అనుమానించడం మానుకోవాలి.

అప్పుడు గిటార్‌ను చూడాలి. పికప్ అంటే తీగ కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట. తీగకు అది ఎంత దగ్గరైతే సంకేతం అంత బలం. ఒక్క మిల్లీమీటరు తేడా కూడా చెవికి తెలుస్తుంది. రెండు చివరలా ఉన్న స్క్రూలతో లావు తీగల వైపు కొంచెం దించి, సన్న తీగల వైపు కొంచెం లేపితే నాలుగు తీగలూ ఒక దారికి వస్తాయి. మరీ దగ్గరగా లేపితే అయస్కాంతం తీగనే పట్టి లాగి శ్రుతిని చెడగొడుతుంది.

తీగలు పాతబడితే చెమట, దుమ్ము వాటి చుట్టల్లో ఇరుక్కుని గొంతు మూసుకుపోతుంది. తెగిన ఒక్క తీగనే మార్చి మిగతా మూడూ పాతవే ఉంచితే కొత్తది ఒక్కటే అరుస్తుంది. ఈక్వలైజర్ ఉన్న యాక్టివ్ బేస్ అయితే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది నీరసిస్తే గట్టిగా మీటిన నోట్లు నలిగి, బొంగురుపోతాయి. జాక్ లూజయితే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది, కానీ నోటును బట్టి మారదు. ఆ తేడా గమనిస్తే కేబుల్ దోషం ఇట్టే దొరుకుతుంది.

ఒక దోషం మాత్రం కొత్త గిటార్‌లోనూ ఉండొచ్చు. చాలా బేస్‌లలో ‘జీ’ తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ నడుమ ఏదో ఒక నోటు మీటగానే వచ్చి, వెంటనే చచ్చిపోతుంది. వాయించేవాళ్ళు డెడ్ స్పాట్ అంటారు. గిటార్ మెడ కర్రకు కూడా సొంత ఊపు ఒకటి ఉంటుంది. తీగ ఊపు దానితో కలిసిన చోట తీగ బలాన్ని కర్ర తాగేస్తుంది. వయొలిన్, చెల్లో వంటి కమాను వాద్యాల్లో దీనికి దగ్గరి చుట్టం వుల్ఫ్ నోట్. ఒక నోటు దగ్గర వాద్యం ఒళ్ళే వణికి శబ్దం ఊళ వేసినట్టు వస్తుంది. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన సి.వి.రామన్, కాంతి మీద నోబెల్ తెచ్చిన పనికి చాలా ముందే, 1916లో ఈ వుల్ఫ్ నోట్ మీద పరిశోధన ప్రచురించారు. బేస్‌లో దీనికి విరుగుడు సులువు. గిటార్ తలకు చిన్న బరువు బిగిస్తే మెడ ఊపు మారి ఆ చచ్చిన చోటు పక్కకు జరుగుతుంది. లేదంటే అదే నోటును ‘డీ’ తీగ మీద అయిదు ఫ్రెట్లు పైన వాయించుకోవచ్చు.

చెవి తూకం

గిటార్, ఆంప్, గది మూడూ బాగున్నా నాలుగో సాక్షి ఒకటి మిగిలింది, మన చెవి. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనుషుల చెవులకు రకరకాల నోట్లు వినిపించి, ఏవి సమానంగా అనిపిస్తాయో కొలిచారు. చెవి అన్ని నోట్లనూ ఒకేలా తూచదని తేలింది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర చీమ చిటుక్కుమన్నా వినే చెవికి, 40 హెర్ట్జ్ దగ్గర సుమారు 50 డెసిబెల్స్ దాటితే తప్ప ఏమీ వినబడదు. రాత్రి శబ్దం తగ్గించి సాధన చేస్తే అన్నిటికంటే ముందు బేస్ మాయమయ్యేది ఇందుకే.

ఇదే పరిశోధన దారిలో తేలిన ఇంకో సంగతి మన గదికి మరీ ముఖ్యం. వెయ్యి హెర్ట్జ్ దగ్గర శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెంచాలి. 40 దగ్గర దాదాపు ఆరు చాలు. అంటే గది చేసే చిన్న హెచ్చుతగ్గును కింది నోట్ల దగ్గర చెవి పెద్దది చేసి చూపిస్తుంది. అక్కడ గది తప్పు కొంత, చెవి కలిపేది కొంత.

మరి ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉన్న చిన్న ఆంప్‌లో ‘ఈ’ తీగ అసలెలా వినబడుతోంది? ఆ స్పీకర్ 41 హెర్ట్జ్‌ను గట్టిగా పలకలేదు. కానీ తీగ మీటినప్పుడు 41తో పాటు 82, 123, 164 కూడా పుడతాయి. వీటిని అతిస్వరాలు అంటారు. మెదడు ఆ మెట్లను చూసి లేని మొదటి మెట్టును తనే నింపుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో కూడా బేస్ వరస గుర్తుపట్టగలగడం దీని పుణ్యమే. కింది నోటు వినబడట్లేదని బేస్ నాబ్ తిప్పి స్పీకర్‌ను అవస్థ పెట్టే బదులు, అతిస్వరాలు ఉండే మిడ్ నాబ్‌ను కొంచెం పెంచితే చిన్న గదిలో మేలు ఎక్కువ.

గుడ్ల ట్రేలు ఎందుకు పనిచేయవు?

గదికి చికిత్స అనగానే అందరికీ గుర్తొచ్చేవి గుడ్ల ట్రేలు, థర్మోకోల్, ఒకట్రెండు అంగుళాల ఫోమ్. అవి అంటించాక గది మెత్తబడినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే తాళాల గలగల, గొంతు గరగర తగ్గుతాయి. బేస్ మీద మాత్రం వాటి ప్రభావం సున్నా. ఏడంగుళాల అలకు రెండంగుళాల ఫోమ్ అడ్డమే, ఇరవై అడుగుల అలకు అది లెక్కలోకే రాదు. పై నోట్లు తగ్గి కింది ఉరుము అలాగే ఉండేసరికి గది ఇంకా దబదబలాడుతుంది. పైగా అట్ట ట్రేలు, థర్మోకోల్ నిప్పంటుకుంటే ఆరవు. ఒకే ఒక షట్టర్ దారి ఉన్న మల్గీలో ఆ పని వద్దే వద్దు.

గదుల ధ్వనిశాస్త్రానికి పునాది వేసిన వాలెస్ సబైన్ కథ ఇక్కడ పనికొస్తుంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని ఆ యువ అధ్యాపకుడికి బాధ్యత అప్పగించింది. ఆయన రాత్రిళ్ళు పక్క థియేటర్ నుంచి సీటు దిండ్లు మోయించి, మందిరంలో పరిచి, శబ్దం ఎంతసేపటికి ఆగుతుందో కొలిచారు. తెరిచిన కిటికీకి తగిలిన శబ్దం తిరిగి రాదు కాబట్టి దాన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. అయితే ఆయన వాడిన ఆర్గాన్ గొట్టం పలికింది 512 హెర్ట్జ్. మన ఉరుము 57 దగ్గర, తొమ్మిది రెట్లు కింద. ఆయన దిండ్లు మన ‘ఏ షార్ప్’ను ఆపలేవు.

ఆపాలంటే మందం కావాలి. దూది, రాక్‌వూల్ లాంటి మెత్తటి సరుకు గాలి పరుగును రాపిడితో నెమ్మదింపజేస్తుంది. గాలి పరుగెత్తే చోట ఉంటేనే అది పనిచేస్తుంది. గోడకు ఆనిన చోట ఒత్తిడి ఉంటుంది తప్ప పరుగు ఉండదని టబ్బులో చూశాం. అందుకే గోడకు అతికించిన పలచటి దుప్పటి దండగ. పాత దూది పరుపులను రెండడుగుల లావున చుట్టి, మూలల్లో నేల నుంచి స్లాబు దాకా నిలబెడితే కొంత ఫలితం ఉంటుంది. ఉరుము పూర్తిగా పోదు. కానీ నోటు ఆపాక గదిలో సాగే ఆ వేలాడే మూలుగు తగ్గుతుంది. బేస్, కిక్ డ్రమ్ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా వినబడటానికి అదే సగం మందు.

ఒకే నోటు బాధిస్తుంటే వడ్రంగితో చేయించే పద్ధతి ఒకటుంది. గోడకు చెక్క చట్రం కొట్టి, ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిగించి, వెనక అడుగు దాకా ఖాళీ వదిలి, ఆ ఖాళీలో కొంచెం దూది వేస్తారు. ఈ కొలతలకు ఆ పలక సుమారు 57 హెర్ట్జ్ దగ్గర తనే ఊగుతుంది. ఊగడానికి కావలసిన బలాన్ని గది నుంచే తీసుకుంటుంది. ఒత్తిడితో పనిచేసేది కాబట్టి దీని చోటు గోడే.

ఈక్వలైజర్ సంగతీ తెలుసుకోవాలి. ఉరిమే నోటును సన్నగా కోసి తగ్గించగల పారామెట్రిక్ ఈక్వలైజర్ ఉంటే వాడొచ్చు. మాయమైన నోటును మాత్రం దానితో పెంచకండి. రెండు అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోట ఎంత పెంచినా రెండూ అంతే పెరుగుతాయి, కొట్టేసుకోవడం ఆగదు. ఆంప్ వేడెక్కుతుంది, గోడ పక్కనున్నవాడికి తలనొప్పి వస్తుంది, మధ్యలో ఉన్నవాడికి అదే నిశ్శబ్దం.

పక్కింటివాళ్ళు, టేపు

కాలనీ మధ్య సాధన చేసేవాళ్ళకు ఇంకో లెక్క తెలియాలి. దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఈ కొలత చెవి తీరును అనుకరించే ‘ఏ’ తూకంలో తీస్తారు. ఆ తూకం 57 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని 25 డెసిబెల్స్‌కు పైగా తక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి మీటరు బుద్ధిగా ఉన్నా పక్కింట్లో కిటికీ అద్దం వణుకుతూ ఉండొచ్చు. వాళ్ళు అబద్ధం ఆడట్లేదు. గోడలు గొంతును ఆపినట్టు బేస్‌ను ఆపవు. నాచారం పారిశ్రామికవాడలోని రేకుల షెడ్డుల్లో ఇది ఇంకా స్పష్టం. రేకు బేస్‌ను బయటికి వదిలేస్తుంది, కాబట్టి లోపల ఉరుము తక్కువ, వీధిలో ఎక్కువ.

ఇదంతా ఒక వరసలో పెడితే పని తేలిక. మొదట రెండు చోట్ల ఒకే నోటు. తర్వాత గదిలో నడక. తర్వాత ఆంప్‌ను మూల నుంచి తీసి, గోడకు దగ్గర చేసి, బల్ల ఎక్కించడం. తర్వాత మీరు గది నడిమధ్య నుంచి జరగడం. ఈ నాలుగింటికీ ఒక సాయంత్రం చాలు, డబ్బు అక్కర్లేదు. అప్పటికీ తీరకపోతేనే పికప్ స్క్రూలు, కొత్త తీగలు, మూలల్లో పరుపులు. ప్లైవుడ్, ఈక్వలైజర్ ఆఖరున. చాలామంది ఈ వరసను తలకిందులు చేసి, ముందు వేలు ఖర్చుపెట్టి, చివరికి ఆంప్ జరుపుతారు.

కొత్త గది చూడ్డానికి వెళ్తే అద్దె అడిగేముందు టేపు తీయండి. గది మూడు కొలతలూ ఎలా ఉంటే సొంత నోట్లు ఒకచోట గుమిగూడకుండా పంచుకుంటాయో అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ బోల్ట్ 1946లో లెక్క కట్టారు. పదడుగుల స్లాబుకు పన్నెండున్నర అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు ఆ లెక్కకు సరిపోయే కొలతల్లో ఒకటి. అచ్చంగా అది దొరక్కపోవచ్చు. కానీ పొడవు, వెడల్పు, ఎత్తుల్లో ఏ రెండూ సమానం కాకుండా, ఒకటి ఇంకోదానికి సరిగ్గా రెట్టింపు కాకుండా చూసుకోవచ్చు. అన్ని వైపులా పదడుగులున్న గది మాత్రం ఎంత చవగ్గా వచ్చినా సామాన్లు పెట్టుకోవడానికి తీసుకోండి, బేస్ వాయించడానికి కాదు.